యుద్ధకథలును ఆత్మీయ పోరాటమును

మన క్రైస్తవ బోధకులలో కొందఱికి యుద్ధచరిత్రలయందు మక్కువ మెండు. వాటర్లూ రణరంగమునుండియో, ట్రఫాల్గరు సముద్రపు పోరునుండియో యొక ఘట్టమును గైకొని, సేనాపతి క్రీస్తనియు, శత్రువు సాతాననియు, కోట మన హృదయమనియు సమన్వయించి, విశ్వాసి యెట్లు పోరాడవలయునో బోధింతురు. ఇట్టి ప్రసంగములు సభలలో వినబడుచున్నవి. చిన్న పుస్తకములుగా అచ్చుపడుచున్నవి. ఇప్పుడు చేతిఫోనులలో ఇంటింటికిని వచ్చుచున్నవి. పద్ధతి క్రొత్తది కాదు. జాన్ బన్యను 1682లోనే మనుష్యాత్మను కోటగల పట్టణముగా కల్పించి పెద్ద గ్రంథము వ్రాసెను. అంతకు ఎంతయో ముందు, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు సైనికుని కవచమును విశ్వాసికి తొడిగెను. కావున ఉపమానమును మేము తప్పుపట్టము. మేమడుగునది యొక్కటే: యుద్ధమునుండి పాఠము తీయువాడు ఆ యుద్ధమును తుదవఱకు చదివెనా, లేక తనకు వలసిన పాఠమును ముందే నిశ్చయించుకొని దానికి తగిన యుద్ధమును వెదకెనా?

విస్సన్నపేటవంటి యూరిలో కావలి యననేమో చిన్నపిల్లలకును తెలియును. అది నూజివీడు మామిడిసీమ. కాయ దొంగిలించువాడు కంటికి కనబడును. పూతమీద వ్రాలు తేనెమంచు పురుగు సులభముగా కనబడదు. దాని జాడ తెలియునప్పటికి పూత మాడి రాలుచుండును. ఇంత చక్కని యుపమానము కాళ్లముందుండగా బోధకుడు బెల్జియము పోయి వాటర్లూ పొలములో నిలుచును! పోనిండు, యుద్ధమే కావలయునన్నచో బందరు కోట లేదా? 2022 వఱకు విస్సన్నపేటకు బందరే జిల్లా ముఖ్యపట్టణము.

1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారిని గెలిచిన కర్నలు ఫోర్డు, 1759 మార్చిలో బందరు కోటను ముట్టడించెను. ఆయనకడ ఉన్న తెల్లసోల్జరులు రమారమి 350, సిపాయిలు 1,400; ఇదికాక విజయనగరపు ఆనందరాజు బలగము. కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు కడ 500 మంది తెల్లవారును, 2,000కు మించిన సిపాయిలును ఉండిరి. ఫోర్డునకు వెనుకనుండి సలాబతుజంగు పెద్ద సేనతో వచ్చుచుండెను. చేత డబ్బు లేదు. మందుగుండు రెండు దినములకు మాత్రము మిగిలెను. ఏప్రిలు 7వ తేది రాత్రి ఫోర్డు తన సేనను మూడు పాయలు చేసెను. ఆనందరాజు మనుష్యులు కోటద్వారము ముందటి దారిలో అల్లరి చేసిరి. నాక్సు అను కెప్టెను, దాటరానిదని కోటలోనివారు నమ్మిన బురదలో దిగి నైరృతి దిక్కున కాల్పులు సాగించెను. ఫ్రెంచివారు ఈ రెండు దిక్కులను చూచుకొనుచుండగా అసలు దండు ఈశాన్యపు బురుజునెక్కెను. తెల్లవాఱునప్పటికి కోట లోబడెను. ఫోర్డు సొంతసేనకంటె ఆయనకు పట్టుబడినవారే యెక్కువ. మే నెలలో సలాబతుజంగు సంధి చేసికొని బందరు సీమను ఇంగ్లీషువారి కిచ్చివేసెను.

దీనినుండి తీయదగిన పాఠమొకటి కలదు, అది కాన్‌ఫ్లాన్సుది. ఆయన బురుజులను కాచెను, బురదను నమ్ముకొనెను. మనుష్యుడును తన బలహీనత నెఱిగినచోట మేల్కొనియుండి, తనకు భయములేదనుకొన్నచోట నిదురించును. కల్లుముట్టనివాడు తన కోపమును చూచుకొనడు. దానధర్మములు చేయువాడు కొడుకు పెండ్లిలో తాను పుచ్చుకొన్న కట్నమును లెక్కింపడు. ఈ పాఠము కొఱకు చరిత్రను వంపనక్కఱలేదు. అది ఆ రాత్రి జరిగిన దానిలోనే యున్నది.

కాని మనవారికి కావలసినది సాధారణముగా ఇది కాదు, ఫోర్డు విజయము. కొద్దిమంది విశ్వాసబలముచే పెక్కుమందిని జయించిరని చెప్పి, వెంటనే గిద్యోను మూడువందలమందిని తెచ్చి ప్రక్కన నిలుపుదురు. చరిత్ర ఇందుకు ఒప్పుకొనదు. ఫోర్డు సోల్జరులు తమకు రావలసిన సొమ్ముకొఱకు తిరుగబడిరి. కొల్లధనము ఆశచూపి ఆయన వారిని నిలుపుకొనెను. గిద్యోను కథయైనను తుదవఱకు చదువబడుచున్నదా? యుద్ధానంతరము అతడు కొల్లబంగారముతో ఏఫోదు చేయించి తన యింటికే ఉరి తెచ్చుకొనెనని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. ఆ అధ్యాయముమీద ప్రసంగము మేమింతవఱకు వినలేదు.

ఇంగ్లీషువారి గెలుపే సువార్తకు త్రోవచేసెనను మాటయు అట్టిదే. గెలిచిన కంపెనీ 1813 వఱకు మిషనరీల రాకను ఇష్టపడలేదు. నోబులు, ఫాక్సు దొరలు బందరు చేరినది 1841లో, అనగా కోట పడిన 82 ఏండ్లకు. ఫిరంగికిని సువార్తకును ఇంత యెడముండగా రెండింటిని ఒక్క త్రాట కట్టుట ఫిరంగికే గౌరవము.

ఇక పౌలు చెప్పిన ఆయుధములు చూడుడు. దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణము: ఇవన్నియు ధరించునవి, కాచునవి, కొట్టునది ఖడ్గమొక్కటే. జోడునకు పెట్టిన పేరు సమాధానమునకు సంబంధించినది. రోమను కాలిబంటు పెద్దడాలు ఒంటరివాని సొత్తు కాదు. వరుసలో నిలిచి, డాలునకు డాలు తాకించి, తలలపైని కప్పుగా పట్టి, తాబేలువలె ముందుకు సాగుట వారి యుద్ధవిద్యలో ప్రసిద్ధము. ఒక్కని డాలు ప్రక్కవానిని గూడ కాచెడిది. పౌలు ఆజ్ఞలును బహువచనములోనే యున్నవి, సంఘమునకు చెప్పినవి. మన ప్రసంగములలో మాత్రము ప్రతి శ్రోతయు ఒంటరిగా కత్తిదూసిన వీరుడై ఇంటికి పోవును.

ఇంటికి పోయి ఎవరిమీద దూయును? మా అభ్యంతరమంతయు ఇచ్చటనే యున్నది. మన పోరాటము రక్తమాంసములతో కాదని పౌలు స్పష్టముగా చెప్పెను. వినినవానికి శత్రువు కావలయును గదా. సాతాను కనబడడు, ప్రక్కింటివాడు కనబడును. జాతరకు పోయిన మేనత్త శత్రుపక్షమగును. తోటలో కలిసి కాయ కోసినవాడు చీకటిరాజ్యపువాడగును. మతిచలించిన కోడలు వైద్యుని యొద్దకు కాక దయ్యము వెడలగొట్టువాని యొద్దకు పోవును. సైన్యపు మాట నోటితో ఊరకుండునది కాదు.

సైన్యమను పేరునే పెట్టుకొనిన సంఘముయొక్క చరిత్రలో దీనికి నిదర్శనము కలదు. 1911నాటి నేరస్థ జాతుల చట్టము ప్రకారము, పుట్టుకచేతనే దొంగలని ముద్రపడిన ఎఱుకలవారికొఱకు బాపట్లకు దాపున స్టూవర్టుపురము 1913 ప్రాంతమున ఏర్పడెను. దాని పాలన రక్షణ సైన్యమువారికి అప్పగింపబడెను. వారు భూమి చూపిరి, పని చూపిరి, బడిపెట్టిరి, ఆ మేలును మఱవరాదు. అయినను ఆత్మలను రక్షింపవచ్చిన సైన్యము సర్కారు పక్షమున కావలివారి పనియు చేయవలసివచ్చెను. దేశమంతట ఆ చట్టము 1952 నాటికి పోయెను; ఊరిపేరునంటిన నింద దానితో పోలేదు.

యుద్ధకథనే చెప్పదలచినవారికి, బందరుకంటెను మాకు పల్నాడు మేలుగ తోచుచున్నది. అదియు నిష్కళంకమైన కథ కాదు. కోడిపందెముతో పెరిగిన అన్నదమ్ముల వైరము. కాని బ్రహ్మనాయుడు తన పక్షమువారిని కులభేదము లేక ఒక్క చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టెనని కథ చెప్పును. మాలకులమున పుట్టిన కన్నమదాసు ఆ దండులో సేనాని. కత్తికి ముందు కూడు! మాల సంఘమనియు, మాదిగ సంఘమనియు వేఱువేఱు గుడులు కట్టుకొని, వియ్యమునకు వచ్చునప్పటికి పాతకులమునే వెదకు మన విశ్వాసులకు ఈ ఘట్టముమీద ఎందఱు బోధించిరి? కారెంపూడిలో కార్తీకమాసమున జరుగు వీరుల యుత్సవములలో ఆ చాపకూడు నేటికిని పెట్టుచున్నారు. విస్సన్నపేటనుండి అచటికి పోవుటకు కృష్ణ దాటిన చాలును.