మీటు ఖరీదు

అమెరికాలో కెంటకీ రాష్ట్రం, రోజైన్ అనే చిన్న ఊరు. తర్వాత బ్లూగ్రాస్ సంగీతానికి మూలపురుషుడైన బిల్ మన్రో (1911–1996) అక్కడ తన ఇంట్లో అందరికంటే చిన్నవాడు. అన్నల్లో ఒకరు ఫిడేలు, ఇంకొకరు గిటారు పట్టేసుకున్నాక మిగిలిన మాండొలిన్ ఆయన వంతుకొచ్చింది. అదైనా పూర్తిగా రాలేదు. చిన్నవాడు మరీ గట్టిగా వాయించేస్తాడని అన్నలు ఎనిమిది తీగల్లో నాలుగు తీయించేశారు. మన పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) ఆరేళ్ల వయసులో తండ్రిగారి మాండొలిన్ చేతపట్టారు. ఆయన వాద్యంలోనూ చివరికి జంట తీగలు మిగల్లేదు. అయితే అక్కడ తీగలు తీయించింది అన్నలు, ఇక్కడ తీయించింది కర్ణాటక సంగీతం.

మరో చుట్టరికం కూడా ఉంది. ఇద్దరికీ ముఖ్యంగా దారి చూపినవాళ్లు మాండొలిన్ వాయించేవాళ్లు కారు. మన్రోకి దారి చూపినది మేనమామ పెన్ వాండివర్ ఫిడేలు. శ్రీనివాస్‌కి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన పాడేవారు, కుర్రవాడు అది విని తీగల మీద పట్టుకునేవాడు. ఒకరు ఫిడేలును మాండొలిన్‌లోకి దింపారు, ఇంకొకరు గొంతును దింపారు. ఆ తేడా దగ్గరే నా ప్రశ్న మొదలవుతుంది. ప్రశ్న చిన్నదే. మాండొలిన్‌ని మీటే ఆ చిన్న బిళ్లకి, దాని చుట్టూ పుట్టుకొచ్చిన హంగులకి అంత డబ్బు పోయడం దండగా, కాదా?

ఈ ప్రశ్న మా ఇంట్లోకి నా మేనల్లుడి చొక్కా జేబులో వచ్చింది. డాలస్ నుంచి సెలవులకు వస్తూ ఒక పిక్ తెచ్చాడు. మూడు మూలలది, ముదురు గోధుమ రంగు, చేతికి చల్లగా తగిలే దళసరి బిళ్ల. టెనెసీలోని నాక్స్‌విల్‌లో తయారయ్యే బ్లూ చిప్. నలభై డాలర్ల దరిదాపులో ఉంటుందన్నాడు. మా అక్కయ్య దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చొక్కా గుండీకి పెద్దది, పలక ముక్కకి చిన్నది. దీనికి మూడు వేల పైచిలుకా?" అంది. వాడు నా వైపు చూశాడు. ఇద్దరి పక్షానా న్యాయం ఉందని అప్పుడే అనిపించింది గానీ, అక్కయ్య ముందు అనలేదు.

ముందు వాడి పక్షం. మన్రో పేరు మీద నిలిచిన బ్లూగ్రాస్ సంగీతంలో మాండొలిన్‌కి కరెంటు లేదు. పక్కన బాంజో ఉంటుంది, ఫిడేలు ఉంటుంది. వాటి మధ్య ఎనిమిది తీగల చిన్న చెక్కపెట్టె తన మాట వినిపించుకోవాలి. పైగా మాండొలిన్ స్వరానికి ఆయుర్దాయం తక్కువ. మీటిన మరుక్షణం నుంచీ అది ఆరిపోతూనే ఉంటుంది. అందుకే ఇటలీలోని నేపుల్స్‌లో వాయించిన కాలం నుంచీ ఆ వాద్యం ట్రెమొలోని నమ్ముకుంది: ఒక్క స్వరాన్ని నిలబెట్టడానికి పిక్ పైకీ కిందికీ పరుగులు తీయాలి. అలాగే బ్లూగ్రాస్‌లో 'చాప్' ఉంది. రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా తీగలన్నిటినీ ఒక్కసారి కొట్టి, ఎడమచేతి వేళ్లు సడలించి ఆ నాదాన్ని అక్కడికక్కడే నొక్కేస్తారు. డప్పు లేని బృందంలో డప్పు పని అదే చేస్తుంది. ఇలాంటి సంగీతంలో స్వరం బతుకంతా దాని పుట్టుకలో ఉంది. పుట్టించేది పిక్.

అందుకని అక్కడివాళ్లు పిక్ గురించి మనవాళ్లు మామిడిపండు గురించి మాట్లాడినంత సేపు మాట్లాడతారు. పలుచటి నైలాన్ పిక్ తీగకి తగలగానే వంగుతుంది, వంగి తిరిగొచ్చేలోపు సమయం జారిపోతుంది, స్వరంతోపాటు ఒక 'టప్' కూడా వినిపిస్తుంది. 1.4, 1.5 మిల్లీమీటర్ల దళసరి పిక్ వంగదు. చేతి బరువు నేరుగా తీగలోకి వెళ్తుంది. పైగా ఇవి జంట తీగలు, ఒక్కో దెబ్బకి రెండింటినీ దాటాలి. అంచుని ఏటవాలుగా చెక్కితే దాటడం సులువు. ఈనాటి మహావిద్వాంసుల్లో ఒకరైన క్రిస్ థైలీ పేరులోని అక్షరాలతో బ్లూ చిప్ వాళ్ల సీటీ 55 ఉంది. ఆ 55 దళసరి కొలత, అంగుళంలో వెయ్యింట 55 వంతులు. బేరింగుల్లో, విమానాల యంత్రాల్లో వాడే జాతి పాలిమర్‌తో వీటిని చేస్తారని వాయించేవాళ్లు చెప్పుకుంటారు. తీగ మీద రాపిడి తక్కువ, అరుగుదల ఇంకా తక్కువ.

అసలు ఈ ఖరీదైన పదార్థాల వేటంతా ఒక తాబేలు పోయిన చోటు పూడ్చడానికి మొదలైంది. పాతకాలపు మేలైన పిక్కులు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేటి చిప్పతో చేసేవారు. ఆ జాతి అంతరించిపోయే స్థితికొచ్చాక 1970లలో అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారాన్ని మూసేసింది. మూసేయాల్సిందే. ఆ తర్వాత ఒకరు పాలలోని కేసీన్‌తో చేశారు, ఒకరు సెల్యులాయిడ్‌ని దళసరి చేశారు, ఇంకొకరు యంత్రాల పాలిమర్‌ని పట్టుకున్నారు. అందరూ వెతుకుతున్నది ఆ తాబేటి నాదాన్నే. మనకిది మరీ కొత్త సంగతి కాదు. సరస్వతీదేవి చేతిలోని వీణ పేరు కచ్ఛపి, అంటే ఆడ తాబేలు. కాకపోతే మన సంప్రదాయం తాబేటిని వాద్యం పేరులో నిలిపింది. వాళ్లది మీటే వేళ్ల మధ్యకి తెచ్చింది.

ఇక అక్కయ్య పక్షం. ఆమె వీణ వింటూ పెరిగింది. వీణ దగ్గర మీటే సరంజామా అంటే గోరు, కాదంటే వేలికి తొడిగే ఒక తీగ చుట్ట. సితార్ మిజ్రాబ్ కూడా తీగ చుట్టే. సరోద్ జవా అయితే తరతరాలుగా కొబ్బరి చిప్పని అరగదీసి చేసుకుంటున్నారు. పచ్చడి నూరిన ఇంట్లోనే దొరికే పదార్థం. అలాగని మనవాళ్లు ఖర్చుకి వెనకాడతారని కాదు. బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు మనలోనే ఉన్నారు. మన డబ్బు వాద్యం మీదికి పోతుంది, మీటు మీదికి పోదు.

అందుకు కారణం పిసినారితనం కాదు, గమకం. బ్లూగ్రాస్‌లో స్వరం పుట్టుక ముఖ్యమైతే, మన సంగీతంలో పుట్టాక అది ఎలా బతికిందన్నది ముఖ్యం. తోడిలో గాంధారం మీటిన చోట ఉండదు. ఊగుతూ, పక్క స్వరాల్ని తడుముతూ తిరుగుతుంది. ఒక్క మీటుకి నాలుగు స్వరాలు పలికించడం వైణికుల ఇళ్లలో రోజువారీ పని. అంతా ఎడమచేతిది. మీటు తలుపు తడుతుంది, లోపలికి వెళ్లేది ఎడమచెయ్యి. మరి రెండు క్షణాల్లో ఆరిపోయే మాండొలిన్ మీద, అందులోనూ జంట తీగల్ని పక్కకి లాగుతూ, ఆ ఊపు తేవడం ఎలా? శ్రీనివాస్ జవాబు అందరికీ తెలిసిందే. ఒంటి తీగలు, అవి కూడా చివరికి అయిదు. బోలు పెట్టెకి బదులు గట్టి చెక్క. స్వరాన్ని నిలబెట్టడానికి పికప్, ఆంప్లిఫయర్. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసినప్పటి నుంచీ కరెంటు వాద్యమేమిటని గొణిగినవాళ్లున్నారు. ఆ కరెంటు ఆడంబరం కాదని, గమకానికి ఊపిరని వాళ్లకి తర్వాత అర్థమైంది. అంటే మన్రో సంప్రదాయంలో పిక్ చేసే పనిని ఇక్కడ ఆంప్లిఫయర్ చేస్తోంది. అక్కడ నలభై డాలర్లు స్వరం మొదలుకి పెడుతున్నారు, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు స్వరం చివరకి పెడుతున్నాం. ఎవరికి ఎక్కడ కరువో అక్కడే ఖర్చు.

ఇంత చక్కగా గీసిన గీతని సజ్జాద్ హుస్సేన్ ఒక్కరే చెరిపేస్తారు. హిందీ సినిమా సంగీత దర్శకుడు, అంతకు మించి మాండొలిన్ విద్వాంసుడు. కరెంటు ఊతం లేని మాండొలిన్ మీద సితార్‌కీ సరోద్‌కీ మాత్రమే సాధ్యమనుకున్న మీండ్‌లు, అంటే స్వరం నుంచి స్వరానికి జారులు, తీశారు. తెలుగువాళ్లు ఆయన పేరు తెలియకుండానే ఆయన్ని విన్నారు: బాపు 'ముత్యాలముగ్గు' (1975) నేపథ్యంలో తిరుగాడే ఆ మాండొలిన్ ఆయనదే. ఆ నాదంలో మీటు పదునూ ఉంది, ఆ తర్వాతి జారూ ఉంది. ఆయన చేతిలో ఏ పిక్ ఉందని సినిమా చూస్తున్న ఎవరికీ తోచి ఉండదు.

మేనల్లుడు ఉన్న పది రోజుల్లో మేమొక ఆట ఆడాం. పక్క వీధి కుర్రవాడు ఒకడు శ్రీనివాస్ రికార్డింగులు విని సాధన చేస్తుంటాడు. వాడి ఎలక్ట్రిక్ మాండొలినూ, మా వాడి ఎనిమిది తీగలదీ రెండూ తెచ్చి, నేను గోడవైపు తిరిగి కూర్చుంటే మూడు పిక్కులు మార్చి మార్చి వాయించారు. ఒకటి ఇరవై రూపాయల పలుచటిది, ఒకటి వంద రూపాయల లోపు దొరికిన దళసరిది, మూడోది నాక్స్‌విల్‌ది. ఎనిమిది తీగల మీద పలుచటిది ప్రతిసారీ పట్టేశాను. అందులో నా గొప్పేమీ లేదు, ఎవరైనా పడతారు. మిగిలిన రెండింటి దగ్గర మాత్రం సగం సార్లు తప్పాను, అంటే నాణెం ఎగరేసినట్టే. ఎలక్ట్రిక్ దాని మీదైతే మూడింటి మధ్యా తడబడ్డాను. నేను తిరిగి చూసేసరికి మా వాడి ముఖం చిన్నబోయి ఉంది. అయితే కుర్రవాడన్న మాట నాకు ఇంకా గుర్తుంది: "మీకు తెలీదేమో గానీ బాబాయ్, నా చేతికి తెలుస్తోంది. ఇది వేళ్లలో తిరిగిపోవట్లేదు." చెమట పట్టిన వేళ్లలో నిలిచే పిక్, గంట సాధన తర్వాత కూడా మణికట్టుని బిగుసుకుపోనివ్వని పిక్. ఖరీదైన పిక్ సుఖం వినేవాడిది కాదు, వాయించేవాడిది. ఆంప్లిఫయర్ సుఖం పూర్తిగా వినేవాడిది. ఆ రెండింటినీ ఒకే తూకంలో వేసి విలువ కట్టడం అన్యాయం.

మిగతా హంగుల గురించి నాకింత ఓపిక లేదు. టోన్‌గార్డ్ అని ఒక చట్రం ఉంది. మాండొలిన్ వీపుకి తగిలించుకుంటే వాయించేవాడి పొట్టకి ఆనకుండా వెనక చెక్క స్వేచ్ఛగా కంపిస్తుంది. కరెంటు లేని వాద్యానికి ఇందులో తర్కం ఉంది, వినికిడిలో తేడా కూడా ఉంది. గట్టి చెక్క ఎలక్ట్రిక్‌కి తగిలిస్తే మాత్రం బొమ్మకి గొడుగు పట్టినట్టే. ఆ తర్వాత చేతికింద ఆనే చెక్కలు, పోతపోసిన కంచు టెయిల్‌పీసులు. వీటిలో సౌకర్యం ఎంతో, నాదం ఎంతో, అద్దంలో అందం ఎంతో విడదీయడం కష్టం. ఆ కష్టానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1920లలో గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో తయారైన ఎఫ్-5 మాండొలిన్లే ఈనాటికీ బ్లూగ్రాస్‌కి ప్రమాణం. కొత్తలో 250 డాలర్లు, ఇప్పుడు లక్ష డాలర్లు దాటినవి. వాటిలో కొన్నిటి పొట్టలో వర్జీ అనే చెక్క బిళ్లని వేలాడదీసి, నాదం మెరుగవుతుందని అమ్మారు. తర్వాతి తరాలవాళ్లు చాలామంది ఆ బిళ్లని పీకించేశారు. కొత్తలో హంగు, తర్వాత అడ్డు. మనకీ ఇలాంటివి లేకపోలేదు. ఆంప్లిఫయర్‌కి ప్రతిధ్వని మరీ ఎక్కువ తగిలిస్తే గమకం అంచులు పొగమంచులో చెట్లలా అయిపోతాయి. కొత్తగా కచేరీలకెక్కేవాళ్ల దగ్గర ఈ జబ్బు విన్నాను.

రెండు సంప్రదాయాలూ ఒక్క మాట మీద కలిసే చోటు మాత్రం అంగట్లో హంగుగా అమ్మేది కాదు. మెట్లు సమంగా అరగదీయించడం, బ్రిడ్జిని చెక్కకి అతికినట్టు కూర్చోబెట్టి సరైన చోటుకి జరపడం, తీగలు ఎత్తుగా లేకుండా చూసుకోవడం. బ్లూగ్రాస్ వాడికి ఇవి లేకపోతే చాప్ చెడుతుంది, మన వాడికి ఇవి లేకపోతే అపస్వరం వస్తుంది. తీగలూ అంతే. అక్కడ ఫాస్ఫర్ బ్రాంజ్, అంగుళంలో వెయ్యింట 11 నుంచి 40 వరకు, కొట్టడానికి గట్టివి. ఇక్కడ లాగడానికి పలుచటివి. కోస్తా ఉక్కపోతలో రెండు రకాలూ తుప్పు పట్టేవే. నలభై డాలర్ల పిక్ కొనేముందు ఆ నలభై డాలర్లతో ఎన్ని జతల తీగలొస్తాయో లెక్కపెట్టుకోమని మా వాడికి చెప్పాను. "అన్నీ కొన్నాను మామయ్యా" అన్నాడు. అమెరికా జీతం.

మన్రోకి పేరు తెచ్చిన ఆ 1923 నాటి లోర్ ఎఫ్-5 సంగతి కూడా చెప్పాలి. 1940లలో ఫ్లోరిడాలో ఒక మంగలి షాపు కిటికీలో చూసి 150 డాలర్లకి కొన్నాడు. 1985లో ఎవరో ఇంట్లో చొరబడి పొయ్యి చువ్వతో దాన్ని చితక్కొట్టి పోయారు. ముక్కలన్నీ ఏరి గిబ్సన్ వాళ్లు మళ్లీ అతికించి ఇస్తే, ఆయన అదే వాయించుకున్నాడు.

మేనల్లుడు తిరిగి వెళ్తూ ఆ పిక్‌ని పక్క వీధి కుర్రవాడికి ఇచ్చేసి వెళ్లాడు. కుర్రవాడు దాన్ని పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు, పోతుందని భయం. నిన్న సాయంత్రం వాడి చేతిలో చూశాను. పదును మూలతో కాక తిప్పి పట్టుకుని గుండ్రటి భుజంతో మీటుతున్నాడు, దాంతో దెబ్బ మెత్తగా పడి ఎడమచేతికి చోటు దొరుకుతోందట. మూడు నెలలైనా ఆ భుజం మీద అరుగుదల గీత కూడా లేదు. తీగలు మాత్రం ఈలోపు రెండుసార్లు మార్చాడు.