ఎండా, తేమా, తూటా మందూ

ఈ వారం ఒక ఉత్తరం చూసి ఒళ్లు మండింది. డాలస్ నుంచి మన పాత పాఠకుడొకాయన రాశారు: ".308 రైఫిల్‌కి వార్‌గెట్ మందు వాడుతున్నాను. దానికి ఎండా చలీ పట్టదు గదా, అందుకే జనవరిలోనే గరిష్ఠ మోతాదులో తూటాలు నింపి పెట్టేసుకున్నాను."

వార్‌గెట్ మంచి మందే. ఆస్ట్రేలియాలో తయారవుతుంది, అమెరికాలో హాడ్జ్‌డన్ వాళ్లు అమ్ముతారు. వేడికి తక్కువ మారుతుందన్నది నిజం. అసలు మారదన్నది కాదు. పాత రకాల్లో కొన్నిటికి ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే వేగం సెకనుకు దాదాపు ఒక అడుగు పెరుగుతుంది. 70 డిగ్రీల్లో సరిచూసిన తూటాకు 100 డిగ్రీల్లో 30 అడుగుల తేడా. మందు ముందే వేడెక్కి ఉంటే త్వరగా మండుతుంది, ఛాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. వరసగా కాల్చి కాగిన బారెల్‌లో తూటా పెట్టి, గురి చూస్తూ కూర్చున్నా ఇదే జరుగుతుంది. బోల్ట్ బిగుసుకుని పైకి లేవనంటే ఆ రోజుకి ఆపేయాల్సిందే.

మందు గురించి నా తొలి గురువు తెనాలిలో మా పెదనాన్న. దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవాళ్లం: సూరేకారం, గంధకం, బొగ్గు, రజను. కూరిన బుడ్లను డాబా మీద ఆరబెట్టి, పొద్దు వాలి మంచు దిగకముందే కిందికి చేర్చాలి. ఆలస్యమైతే పెదనాన్న కేకలు వీధి చివరికి వినిపించేవి. చెమ్మ తగిలిన బుడ్డి బుస్సుమని, జానెడైనా లేవకుండా చచ్చేది. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర ఆడించి, అడుగున మట్టి ఆరిందో లేదో గోటితో గీసి చూసేవాడాయన.

ఆ మందు వేరు, నైట్రోసెల్యులోజ్‌తో చేసే ఈ మందు వేరు. అయినా ఆయన పట్టింపు ఇక్కడా చెల్లుతుంది. రైఫిల్ మందులోనూ కాస్త తేమ ఉంటుంది. పొడిగాలికి అది పోతే మందు చురుగ్గా మండుతుంది, ముసురుగాలికి పీల్చుకుంటే మందగిస్తుంది. హీటర్ నడిచే జనవరి గదిలో మూతలేని హాపర్‌లో రోజుల తరబడి వదిలేసిన మందు, అదే తూకానికి వేరే ఒత్తిడి ఇస్తుంది. ఎండ గురించిన మాట మీద కోపంతో కలం పట్టాను గానీ, మన బల్లల దగ్గర లెక్కలోకి రాకుండా పోతున్నది తేమే. వేడికి తక్కువ మారుతుందన్న మాట తేమకు హామీ కాదు.

అయ్యా, ఆ తూటాలను ఆగస్టులో కాల్చకండి. విప్పేసి, వేడిగా ఉన్న రోజున కింది మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. నోట్‌బుక్ గురించి నా పోరు మీకు పాతదే: గ్రెయిన్లు, వేగం పక్కనే వేడినీ, గాలిలో తేమనూ రాయండి. పని కాగానే హాపర్ ఖాళీ చేసి, డబ్బా మూత గట్టిగా బిగించండి.