ఎడమ ఎంతో కుడి అంత

రసాయన శాస్త్రమా! మదనపల్లె మండీలో టమోటా ధర తెల్లారేసరికి తలకిందులవుతుంది. ధర పలికినా పలకకపోయినా, ఆ పండు రసం మాత్రం నీలి లిట్మస్‌ను ఎర్రగానే మారుస్తుంది. ఇచ్చిన మాట తప్పని నీకు దండం.

మార్చి వచ్చిందంటే పుంగనూరు పల్లెల్లో చింతపండు కొట్టే కాలం, పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షల కాలం. ఉగాదికి అమ్మ రాగిచెంబు తోముతుంటే, గడపలో కూర్చున్న కూతురు ఆమ్లాలు, క్షారాలు, లవణాలు వల్లె వేస్తుంటుంది. చెంబుకు పట్టిన నల్లటి మకిలి కాపర్ ఆక్సైడు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగించి లాగేస్తుంటే, అమ్మ వేళ్ల కింద ఎర్రటి రాగి తేలుతుంది. పిల్ల చదువు ఆపి చూస్తుంది. పాఠం అర్థమయ్యేది ఆ క్షణంలోనే.

పండక్కి గోడకు కొట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, రెండు మూడు రోజుల్లో కాల్షియం కార్బొనేటుగా గట్టిపడి మెరిసేది నీ వల్లే. తోడు వేసిన పుంగనూరు ఆవుపాలు రాత్రికి రాత్రి లాక్టిక్ ఆమ్లంతో పెరుగయ్యేదీ నీ వల్లే. నీరుగట్టువారిపల్లె మగ్గమెక్కే పట్టునూలు, సోడా కలిపిన సబ్బునీళ్లలో ఉడికి జిగురు వదిలి నిగనిగలాడేదీ నీ వల్లే. కుప్పం దగ్గర చిగురుగుంట రాతిలో దాగిన బంగారానికి పరమాణు సంఖ్య 79. గాలికీ నీటికీ లొంగని ఆ లోహం, మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలిసిన ద్రవరాజానికి తలవంచుతుంది.

1869లో మెండలీఫ్ నీ మూలకాలను వరుసలో పేర్చి, ఇంకా దొరకనివాటికి ఖాళీలు వదిలాడు. 1875లో గాలియం వచ్చి తన చోట కూర్చుంది. తెలియనిదాన్ని కొట్టేయకుండా చోటుంచడం నేర్పినదానివి నువ్వు.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరు. పిల్ల పెన్సిల్‌తో హైడ్రోజన్ ముందు 2, నీటి ముందు 2 వేస్తుంది. ఎడమన నాలుగు హైడ్రోజన్ పరమాణువులు, రెండు ఆక్సిజన్ పరమాణువులు, కుడినా అంతే. కూలి బిడ్డకైనా కలెక్టరు బిడ్డకైనా ఈ తూకం ఒక్కటే. ఇక్కడ సిఫార్సు చెల్లదు, దళారి లేడు.

మా పిల్లలు మార్కుల కోసమే నీ దగ్గరికి వచ్చినా, రానివ్వు తల్లీ. లెక్క సరిపోయేదాకా పెన్ను కింద పెట్టని పట్టుదలనూ, తప్పుడు తూకాన్ని చూడగానే పట్టేసే కంటినీ ఇచ్చి పంపు.