ఓడపట్టికలో ఊరు

వంశవృక్షములను వెదకి సరిచూచు వ్యసన మొకటి నాకున్నదని యెట్లో తెలిసికొని, దక్షిణాఫ్రికాలోని నేటాలునందు నాలుగైదు తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు, తమ ముత్తాత యే గ్రామమునుండి పోయి యోడ యెక్కెనో చెప్పుమని నాకు జాబులు వ్రాయుచుందురు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మదరాసునుండి దర్బను చేరినది మొదలు 1911 వరకు చెరకుతోటల కూలికిని, ఇతరములగు పనులకును ఒడంబడిక వ్రాసి పోయినవారు లక్షన్నరకు పైబడియుండగా, వారి యోడపట్టికలు నేటికిని నిలిచియున్నవి. కావున పత్రములకు కొదువ లేదు. వానిని చదువుటయే కష్టము.

మొన్న దర్బనునుండి వచ్చిన ప్రతిలోని యొక వరుసను చూడుడు: సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, తుదకు కుడిమోకాలిపై గాయపుమచ్చ. ఇంటిపేరునకు మాత్రము గడి లేదు. పారిపోయిన కూలిని పట్టి తెచ్చుటకు మచ్చ యక్కఱకు వచ్చునుగాని యింటిపేరు వచ్చునా యని యా పట్టికను గీసిన దొరలు తలచిరి కాబోలు! పూర్వుల యూరి జాడ తఱచుగా నింటిపేరుననే యిమిడియుండు మనవారికి ఈ గడి లేకపోవుట యెంతటి నష్టమో చెప్ప నలవి కాదు. అక్కడ పుట్టిన బిడ్డలకు తండ్రిపేరో, నాయుడను బిరుదమో యింటిపేరై స్థిరపడినది.

జిల్లాపేరును నమ్ముటయు నపాయమే. గంజామని యున్నంతనే ఒరిస్సాకు పరుగెత్తరాదు; 1936 వరకు శ్రీకాకుళము గంజాము జిల్లాలోనిదే. ఉత్తరార్కాడనగానే తమిళదేశమని నిశ్చయింపరాదు; 1911లో చిత్తూరు జిల్లా యేర్పడుటకు పూర్వము చంద్రగిరి యందులోనిదే. ఇక గ్రామనామమన్ననో, గుమాస్తా చెవికి సోకిన ధ్వనికి ఇంగ్లీషు అక్షరములలో దొరికిన రూపము. పై ప్రతిలోనిది కొత్తవలసయో కొత్తపల్లియో తేలదు, తేలినను అట్టి పేళ్లుగల యూళ్లు మనకు కొల్లలు.

ఇట్టి తావున నేను మనుష్యనామము నాశ్రయింతును. అప్పలస్వామి యన్నచో సింహాచలపు అప్పన్నయు, పైడమ్మ యన్నచో విజయనగరపు పైడితల్లియు, నూకరాజన్నచో అనకాపల్లి నూకాలమ్మయు, పెంచలయ్య యన్నచో నెల్లూరు సీమలోని పెంచలకోనయు మనస్సునకు దట్టును. ఇది దిక్కును జూపునేకాని ఊరిని జూపదు. ఆ ప్రతిని పంపినవారు ఊరిని మఱచిరిగాని, వారి నాయనమ్మ మంగళవారమునాడు పైడితల్లి పేర ముడుపు కట్టుచుండెడిదని మఱవలేదు. పట్టికలోని తండ్రిపేరును ఆ తల్లి పేరనే యున్నది. జిల్లా విశాఖపట్టణము, విజయనగరము నాడు దానిలోనిదే. మూడును ఒకేవైపు మ్రొగ్గుచున్నను, వారి వంశవృక్షమున ఊరి గడిని నేను నింపలేదు. అదే యోడలో అదే తాలూకానుండి పోయినవారి వరుసలన్నియు పోల్చి చూడక, అందముగా నున్నదని యొక గ్రామమును నిర్ణయించుట కల్పనయగును గాని వంశచరిత్ర కాదు.

పట్టికలో లేని యింటిపేరు, వారు విడిచిపోయిన యన్నదమ్ముల యిండ్లలో నేటికిని బ్రదికియుండవచ్చును. తాతగారి తమ్ముడొకడు రంగము (రంగూను) పోయి తిరిగి రాలేదని మీ యింట నెవరైన చెప్పుకొనుచున్నచో, అతడు బర్మాకే పోయెనని రూఢి చేసికొనక, అతని పేరును, తండ్రిపేరును, ఇంటిపేరును, ఊరిని, పెద్దలుండగనే యొక కాగితముపై వ్రాసియుంచుడు.