‘లెయిర్’ గగనయుద్ధక్రీడ: ఔచిత్యవిచారము

కావ్యనాటకములకు వలెనే వీడియో క్రీడకును రసానుభవమే ఫలము. అయినను వీని నడుమ నొక భేదము కలదు. కావ్యమున సహృదయుడు వినువాడు, నాటకమున చూచువాడు, ఈ క్రీడయందు చేయువాడు. తెరమీది నాయకుని ప్రతిచేష్టయు ఆడువాని చేతినుండియే పుట్టవలెను. కావున చేతికిని తెరకును నడుమ నుండు మీటల పెట్టె కేవలము పనిముట్టు గాదు. కావ్యమునకు భాష యెట్టిదో క్రీడకు అది యట్టిది. భాష కుంటువడిన కావ్యమును వర్ణనల సౌందర్యము నిలుపజాలదు. 2007వ సంవత్సరమున వెలువడిన ‘లెయిర్’ అను క్రీడ యీ విషయమునకు చక్కని దృష్టాంతము.

దీనిని నిర్మించినది ఫ్యాక్టర్ 5 అను సంస్థ, ప్రకటించినది సోనీ, ఇది నడచు యంత్రము ప్లేస్టేషన్ 3. నిర్మాతలు గగనయుద్ధమునకు క్రొత్తవారు గారు. 1998లో ‘రోగ్ స్క్వాడ్రన్’, 2001లో ‘రోగ్ లీడర్’ అను క్రీడలను రచించి, స్టార్ వార్స్ కథలలోని యుద్ధవిమానములను నడపుటలోని వేగమును, గుఱిని ఆడువారికి హస్తగతము చేసినవారు. ‘లెయిర్’లో విమానములకు మారుగా డ్రాగన్లు, అనగా రెక్కలు గలిగి నిప్పు గ్రక్కు మహాసర్పములు, వాహనములైనవి. అగ్నిపర్వతముల యుపద్రవమున చీలిపోయిన రెండు జాతుల వైరము కథావస్తువు. రోన్ అను యోధుడు తన జాతి మతాధిపతి కపటమును గ్రహించి పక్షము మార్చుకొనుట కథలోని మలుపు. వీరమునకు ధర్మసంకటము తోడైనందున వస్తువు నిస్సారము గాదు.

గుణములను గుణములుగా చెప్పుట విమర్శకు ధర్మము. డ్రాగన్ల చర్మముపై పొలుసుల నిగనిగలు, సముద్రతరంగముల విస్తారము, వందలకొలది సైనికులు పోరు రణభూమి యానాటి యంత్రశక్తిని ఘనముగా చాటినవి. జాన్ డెబ్నీ కూర్చిన వాద్యసంగీతము గంభీరము; సన్నివేశములకు అనుగుణము. విభావములు సమృద్ధిగనే యున్నవి. అయినను రసము నిష్పన్నము గాలేదు. దోషమెచ్చట నున్నది?

ప్లేస్టేషన్ 3తో వచ్చిన సిక్సాక్సిస్ అను మీటల పెట్టెకు తన వంపును, కదలికను తానే కనిపెట్టు శక్తి కలదు. ‘లెయిర్’ నిర్మాతలు వాహనమును నడపు భారమంతయు దానిమీదనే యుంచిరి. పెట్టెను ప్రక్కకు వంచినచో డ్రాగన్ ఆ ప్రక్కకు మరలును. ముందునకు విసరినట్లు త్రోసినచో దూకును. దిగ్గున పైకెత్తినచో వెనుదిరుగును. బొటనవ్రేలితో త్రిప్పు మీటచే డ్రాగన్‌ను నడపు మార్గము క్రీడ వెలువడినప్పుడు లేకుండెను.

ఇచ్చట పూర్వపక్షమొకటి కలదు. రెండు చేతులతో పెట్టెను పట్టి వంచుట కళ్లెము పట్టి వాహనమును త్రిప్పుటను పోలియున్నది. మీటకంటె ఇది సహజము. అలవాటు లేనివారు మాత్రమే దీనిని నిందింతురు. అభ్యాసముచే క్లేశము తొలగును అని. ఈ వాదము పైకి రమ్యమే గాని పరీక్షకు నిలువదు.

మొదట సాదృశ్యమును చూడవలెను. రౌతు కళ్లెమును లాగినప్పుడు గుఱ్ఱమును దానిని లాగును. వాహనమెంత మరలినదో, ఎంత మొరాయించుచున్నదో రౌతు చేతికి తెలియుట ఆ పట్టువలననే. గాలిలో పట్టిన పెట్టె దేనిని ఎదుర్కొనదు. మీటకు లోనుండు తీగచుట్ట విడువగనే దానిని నడిమికి చేర్చును. వంచిన పెట్టెకు నడిమి చోటేదియో వ్రేలికి తెలియదు. తాకిడిని చేతికి తెలుపు కంపము సైత మా తొలి పెట్టెలో లేదు. కావున కళ్లెపు రూపము వచ్చినది గాని కళ్లెపు పని రాలేదు.

రెండవది, శ్లేషను బోలిన దోషము. పెట్టెలో ముమ్ముఖముల త్వరణమును కొలుచు సాధనమును, ఒక దిశలోని భ్రమణమును కొలుచు సాధనమును గలవు. త్వరణమును కొలుచునది భూమ్యాకర్షణము ననుసరించి వంపును గుర్తించును. చేయి విసరినను త్వరణమే పుట్టును. వంపేదియో విసరేదియో వేఱుచేయుట ఆ సాధనమొక్కదానికి శక్యము గాదు. కావ్యమున ఒక పదము రెండర్థముల నిచ్చుట చమత్కారము, ఏలనన కవి రెంటిని కోరెను. ఇచ్చట ఆడువాడు కోరిన యర్థమొక్కటే. యంత్రము రెండవదానిని గ్రహించుట కవకాశము కలదు. యుద్ధతీవ్రతలో శత్రువును గుఱిచూచి త్వరగా మరలబోయిన వీరుడు హఠాత్తుగా వెన్నుచూపినచో, వీరరసము పోయి హాస్యము పుట్టక మానదు. అభ్యాసము చేతిని దిద్దగలదు గాని సందిగ్ధమైన భాషను దిద్దలేదు.

అట్లయిన వంపుచే నడపుటయే దోషమా? కాదు. 2009లో అదే యంత్రమునకు, అదే సాధనముతో ‘ఫ్లవర్’ అను క్రీడ వచ్చినది. అందు ఆడువాడు గాలియై పూరేకులను మోసికొనిపోవును. గాలికి కళ్లెము లేదు, గుఱి లేదు, తొందర లేదు. కొంచెము దారి తప్పినను అది గాలికి సహజమే. అచ్చట వంపు శోభించినది. యుద్ధమునకు నిశ్చయము కావలెను, విహారమునకు అక్కఱలేదు. సాధనమొక్కటే అయినను వస్తువు వేఱైనందున ఒకచోట గుణము, వేఱొకచోట దోషము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరకుడైన క్షేమేంద్రుడు ఔచిత్యమును రసమునకు జీవముగా ప్రతిపాదించుటలోని సత్యము ఈ నూతనకళయందును బాధితము గాలేదు.

క్రీడను సమీక్షకులు పెక్కుమంది నిందింపగా, సోనీవారు దాని నెట్లు ఆడవలయునో, ఎట్లు పరిశీలింపవలయునో తెలుపు పుస్తకమును వారికి పంపిరి. వ్యాఖ్యానము నిందార్హము గాదు. మహాకావ్యములకును వ్యాఖ్యలు కలవు. కాని గూఢమైన యర్థమును తెలుపు వ్యాఖ్య వేఱు, నడవని వాక్యమును సహింపుమను వ్యాఖ్య వేఱు. మొదటిది పాఠకుని పెంచును. రెండవది అతనిని తప్పుపట్టును.

2008 ఏప్రిలులో నిర్మాతలు సవరణ నొకదానిని వెలువరించి, బొటనవ్రేలి మీటచే నడపు మార్గమును, క్రొత్త పెట్టెలోని కంపమును చేర్చిరి. పూర్వపక్షమునకు ఇంతకంటె సమాధానము వేఱొకటి యక్కఱలేదు. సవరణచే వాహనము వశమైనది. కాని గుఱి తనంత తానొక శత్రువునుండి వేఱొకనికి మరలుట, చూపు నిలుకడలేమి మున్నగు దోషములు పూర్తిగా తొలగలేదు. అయినను ముందే యా మార్గమున్నచో ఇది లోపములు గల మంచి క్రీడగా నిలిచియుండెడిది. తొలితీర్పు వ్యాపించిన పిమ్మట వచ్చిన పాఠశోధనము గ్రంథమును బాగుచేసినను కీర్తిని బాగుచేయజాలదు. ఫ్యాక్టర్ 5వారి అమెరికా కార్యాలయము 2009లో మూతపడెను. ఆ దశకు ‘లెయిర్’ ఒక్కటే హేతువనుట సాహసము.

నిర్మాతల నేర్పును శంకింప బనిలేదు. వారి పూర్వకృతులే సాక్ష్యము. వారు తప్పినది నూతనత్వమును కోరుటయందు గాదు. నూతనసాధనమును చాటుటకై యుద్ధమును వాడుకొనుటయందు. సాధనము రసమునకు సేవ చేయవలసియుండగా రసము సాధనమునకు సేవకమైనది. అలంకారమునకై కథను బలిచేసిన ప్రబంధమునకును, ఈ క్రీడకును పట్టిన తెగులొక్కటే. ‘లెయిర్’ చూచుటకు రమ్యము, వినుటకు గంభీరము. చేయుటకు మాత్రము దుష్కరము. చేయువాడే సహృదయుడైన కళయందు ఈ మూడవదియే ప్రధానము.