సైబీరియా పక్షుల వార్తలు

చలికాలం రాగానే మన పత్రికలలో ఏటేటా ఒకే వార్త అచ్చవుతూ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి సైబీరియా పక్షులు వచ్చినవి, చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతున్నవి అని. ఛాయాచిత్రం బాగానే ఉంటుంది. చిక్కంతా 'సైబీరియా' అన్న మాటతోనే. అక్కడ గూళ్ళు కట్టేవి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. అవి మన దేశపు పక్షులే. నీటినీ చేపలనూ వెదుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతవి. సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి మన దేశానికి చలికాలం గడపడానికే వస్తుంది, ఇక్కడ గూడు కట్టదు. గూటిని కళ్ళారా చూచి కూడా విలేఖరికి ఈ సందేహం రాకపోవడం వింత.

నిజంగా ఉత్తరదేశాలనుండి వచ్చేవి కాకినాడ దగ్గర కోరింగ బురదనేలలపై పరుగులు తీసే చిన్న ఉల్లంకిపిట్టలు. వాటికి రంగుల హంగు లేదు, కనుక వార్తా లేదు.

ఉపగ్రహాల సాయంతో వీటి బంధువులను వెంబడించిన కథలు మాత్రం అప్పుడప్పుడు వస్తున్నవి. 2022 అక్టోబరులో ఐదు నెలల గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కానుండి టాస్మేనియాకు 11 రోజులలో 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని వీపుపై ఉన్నది ఎండతో పనిచేసే 5 గ్రాముల ట్రాన్స్‌మిటర్. రైలు వస్తున్నప్పుడు కూత కీచుగానూ, దాటిపోయాక మంద్రంగానూ వినబడుతుంది కదా! ఉపగ్రహానికి అందే సంకేతంలోనూ అటువంటి మార్పే వస్తుంది. దానినిబట్టి పక్షి ఉన్న చోటు లెక్కగడతారు. అది కొన్ని కిలోమీటర్లు తప్పనూవచ్చు. మనకు దొరికేవి చుక్కలే. వాటిని కలిపే గీత పటం గీసినవారిది. ఈ సంగతి చెప్పకుండా గీతనే పక్షి నడిచిన దారిగా అచ్చువేయడం సరికాదు.

మరొక లోపం ఇంకా పెద్దది. పరికరం బరువు పక్షి బరువులో నూటికి మూడు, మహా అయితే అయిదు వంతులు మించరాదని శాస్త్రజ్ఞుల నియమం. 25 గ్రాముల చిన్న ఉల్లంకి మోయగలిగేది సుమారు ఒక గ్రాము. గాడ్విట్ మోసిన పరికరం దీనికి కడితే ఒంటి బరువులో అయిదో వంతు! కనుక 'పక్షుల రహస్యం తేలిపోయింది' అన్న శీర్షిక పెద్ద పక్షులకే చెల్లుతుంది. చిన్నవాటికి ఇప్పటికీ ముఖ్యాధారం కాలి ఉంగరమే. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారు తమిళనాడులోని కోడియక్కరైలో ఏళ్ళ తరబడి తొడుగుతున్నది అదే. ఆ పక్షి మళ్ళీ ఎవరికైనా చిక్కితేనే ఉంగరం మాట్లాడుతుంది.

మా బోయిన్‌పల్లిలో హస్మత్‌పేట చెరువు గట్టున చలికాలంలో తోక ఆడిస్తూ తిరిగే ఉల్లంకి ఒకటి కనిపిస్తుంది. హిమాలయాలలోనో, ఇంకా ఉత్తరాననో గూడు కట్టే జాతి అది. నిరుడు మా విద్యార్థులకు చూపి ఎక్కడిదని అడిగితే, "ఇక్కడిదే సార్" అన్నారు. ఎర్రకాళ్ళ కొంగ బొమ్మ చూపాను. తడుముకోకుండా "సైబీరియాది" అన్నారు.