మంచు కురియని ఊరిలో మార్గరెట్ డైసీలు

1946వ సంవత్సరము జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలకు దిగినదే హైదరాబాదు నగరమున నమోదైన మిక్కిలి చలి. 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలకు ఎగసినదే మిక్కిలి వేడి. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారికి, మాదాపూరు మొదలు గచ్చిబౌలి, నానక్‌రాంగూడల వరకు లేచిన మేడల బాల్కనీలలో మార్గరెట్ డైసీలను పెంచదలచినచో దేనితో పోరాడవలయునో వేరుగ చెప్పనక్కరలేదు. ఐనను తోటపని పుస్తకములు పెక్కు శీతలదేశములలో పుట్టినవి గావున, ఈ మొక్కను గూర్చి అవి మొట్టమొదట చేయు హెచ్చరిక మంచును గూర్చియే. ఆ హెచ్చరికను నమ్మి మార్గశిరపు రాత్రులలో కుండీలను పడకగదిలోనికి మోసికొనిపోవుచు, చైత్రము రాగానే నడియెండలో నిలుపువారిని చూచినపుడు, గ్రంథపాండిత్యము కంటె ఊరి ఎండ నెరిగియుండుట మేలని తోచును.

ఈ మొక్కకు పుట్టినిల్లు ఆఫ్రికాఖండపు వాయవ్యతీరమున, అట్లాంటిక్ సముద్రములో స్పెయిన్ ఏలుబడియందున్న కనారీ ద్వీపములు. అగ్నిపర్వతములు కక్కిన రాతినేలపై, సముద్రవాయువు వేసవిని చల్లార్చుచు శీతకాలమును వెచ్చబరచుచుండగా, మొదలు కొయ్యబారి గుబురుగ పెరుగు పొద యిది. 1753లో లిన్నేయస్ దీనిని చామంతుల గణమున చేర్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆర్గిరాంథెమమ్ అను వేరు గణమున కెక్కించిరి. ఐనను ఆకుల చీలికలలోను పూవు కట్టుబడిలోను మన చామంతితో దీనికిగల చుట్టరికము దాగునది కాదు. అతిశైత్యమును గాని అత్యుష్ణమును గాని ఎరుగని ద్వీపమున పుట్టినది గావున ఇది రెంటికిని ఓర్వలేదు. నీరు గడ్డకట్టు చలి సోకెనేని లేతకొమ్మలు ఒక్క రాత్రిలో నల్లబడి వాలిపోవును. కనుకనే ఐరోపాలో శరదృతువు ముగియకముందే కుండీలను అద్దాల ఇండ్లలోనికి చేర్చుదురు, లేదా కొమ్మముక్కలను మాత్రము నాటి, తల్లిమొక్కపై ఆశ వదలుకొందురు. తెలుగునాట ఆ చింత పడదగినవారు ఎవరైన ఉన్నచో, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున చింతపల్లి మండలములోనున్న లంబసింగి వాసులు మాత్రమే.

హైదరాబాదులో ఈ పంచాంగము తలక్రిందులగును. ఐరోపాలో శీతకాలమున దాచి వేసవిలో పూయించుదురు. ఇచ్చట వేసవిలో దాచి శీతకాలమున పూయించవలయును. వానలు వెనుకంజ వేసి రాత్రులు చల్లబడు ఆశ్వయుజ కార్తీకములలో మొక్క మేల్కొనును. మార్గశిరము మొదలు మాఘము దాటువరకు పూలతో నిండును. ఫాల్గుణపు ఎండ ముదిరినకొలది పూలు చిన్నవై, పలుచనై, ఆగిపోవును. నగరములో చలి మొదట హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణ వంటి చెట్టూచేమా గల తావులలో హెచ్చుగ తెలియవచ్చును. కాంక్రీటు వేడిని రాత్రియెల్ల విడుచుచుండు మేడల నడుమ అది కొంత ఆలస్యముగ చేరును. ఒకే వీధిలో రెండిండ్ల మొక్కలు వేరువేరు వారములలో పూచుటకు తరచుగ ఇదియే కారణము.

విరిసిన పూవునొకదానిని అరచేత నుంచుకొని భూతద్దముతో చూడుడు. మనము రేకులని పిలుచు తెల్లని నాలుకలలో ఒక్కొక్కటియు ఒక్కొక్క పూవు, అవి స్త్రీపుష్పములు. నడుమనున్న పసుపుపచ్చని బొడ్డు వందలాది చిన్న గొట్టపు పూల గుంపు. అవి ద్విలింగ పుష్పములు. ఈ గొట్టపు పూలు ఒక్కమారుగ విచ్చుకొనవు. అంచున మొదలై వలయము వెంట వలయముగ లోపలికి సాగును. బొడ్డు నడిమిభాగము ఇంకను గట్టిగ, ఆకుపచ్చ చాయతో నున్నచో పూవు క్రొత్తది; అంతయు విచ్చి పుప్పొడితో ఉబ్బి, పిమ్మట గోధుమవన్నెకు తిరిగినచో దాని పని తీరినది. అట్టి పూవును తలతో మాత్రము గాక, కాడను దిగువ ఆకువరకు తుంచివేయవలయును. ఉపేక్షించినచో మొక్క తన బలమును గింజకు వెచ్చించి మొగ్గను మరచును. వారమునకు రెండుమార్లు పట్టు ఈ చిన్నపనియే, ఎంత ఖరీదైన ఎరువు కంటెను ఎక్కువ పూలనిచ్చును.

కుండీమట్టి విషయమున అతిశయము పనికిరాదు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి చాలును. అడుగు రంధ్రముపై పెంకుముక్క మరువరాదు. బరువు తగ్గునని వట్టి కొబ్బరిపొట్టు నింపువారు కలరు గాని, పై అంతస్తుల గాలికి అట్టి కుండీ మధ్యాహ్నమునకే ఎండిపోవును, ఒక్కొక్కపుడు దొర్లిపోవును. పది అంగుళముల మట్టికుండీయే నా ఎన్నిక. నీరు గడియారమును చూచి కాక మట్టిని చూచి పోయవలయును: వ్రేలు ఒక కణుపు దించినపుడు పొడిగ తగిలిననే పోయుట, పోసినపుడు అడుగునుండి కారువరకు పోయుట. ఈ ప్రాంతపు అపార్టుమెంటులలో పెక్కింటికి బోరునీరో ట్యాంకరు నీరో గతి. అందులోని లవణములు కుండీ అంచున తెల్లని పొక్కుగ పేరుకొనును, లేతాకులు ఈనెలు మాత్రము పచ్చగ నిలిచి పసుపుబారును. అట్టితరి పట్టియుంచిన వాననీటితో మట్టిని ఒకటి రెండుమార్లు బాగుగ కడుగవలయును. యూరియా వంటి నత్రజని ఎరువుల జోలికి పోయినచో ఆకుకూర మడి వంటి పచ్చదనము దక్కును గాని పూవు దక్కదు. లేతకొనలపై పేనుబంక చేరినచో వేపనూనె కలిపిన నీరు చల్లుట చాలును.

మాఘమాసమున, మొక్క ఇంకను బలముగ నున్నపుడే, మొగ్గలేని లేతకొమ్మలను మూడు నాలుగు అంగుళములు కణుపు క్రింద కోసి, అడుగాకులు తీసి, తడి ఇసుకలో నీడన నాటినచో రెండు మూడు వారములలో వేరు తొడుగును. శీతలదేశములవారు చలికి వెరచి చేయు ఈ జాగ్రత్తను మనము ఎండకు వెరచి చేయుచున్నాము. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను మాట సైబర్ టవర్స్ వెలసిన 1998 తరువాత ఈ ప్రాంతమున మరింత నిజమైనది. ఎదుటి అద్దపు గోడనుండి తిరిగి కొట్టు ఎండ, సూర్యుడు లేని దిక్కునుండియు మొక్కను కాల్చును. కనుక పిల్లమొక్కలను తూర్పు బాల్కనీలోనో, పచ్చని షేడ్‌నెట్ క్రిందనో వేసవి దాటించి, ముసురు రోజులలో చూరు క్రిందికి జరిపి, భాద్రపదమున కొత్తమట్టికి మార్చి, కొనలను రెండుమార్లు గిల్లవలయును. గిల్లిన ప్రతి చోట రెండేసి కొమ్మలు పుట్టును. కార్తీకమునకు పిమ్మట గిల్లుట మొగ్గను గిల్లుటయే.

నేలమడులలో నాటువారు మొదట నేలను త్రవ్విచూచుట మంచిది. కొండరాళ్ళను పగులగొట్టి కట్టిన గేటెడ్ కాలనీలలో జానెడు మట్టి క్రింద సిమెంటు పెళ్ళలు, కంకర బయల్పడుట సాధారణము. అట్టిచోట జానెడెత్తు మడిని పైకి కట్టి, అడుగున్నర ఎడముతో నాటుటయే మేలు.

ఇక బతుకమ్మకు తంగేడు, గునుగులతోపాటు అక్కరకు వచ్చు చామంతిని అదే బాల్కనీలో పెంచువారు మరియొక సంగతి ఎరుగవలయును. చామంతి దీర్ఘరాత్రులను లెక్కించి మొగ్గ తొడుగు మొక్క. కార్యాలయపు దీపము తెల్లవార్లు మీదపడినచో దానికి రాత్రియే కాకపోవును, పూత వెనుకబడును. మార్గరెట్టుకు ప్రధానముగ కావలసినది చల్లదనము.

మిద్దెతోట యనగానే మనవారికి వంకాయ, బెండకాయ, గోంగూర స్ఫురించును. పూలకుండీ నిరర్థకమను భావము విద్యాధికులలోను కలదు. ఏసీ గదిలో పగలును, దీపకాంతిలో రాత్రిని గడుపు ఉద్యోగికి ఏ మాసము నడచుచున్నదో తెలిపెడు వస్తువు ఇంట మరియొకటి లేనపుడు, ఈ మొక్క చేయు మేలు కూరగాయ చేయు మేలుకు తీసిపోదని నా అభిప్రాయము.

కడపటి మాట కొనుగోలును గూర్చి. కార్తీకమున నర్సరీకి పోయినపుడు నిండుగ విరియబూచిన పెద్దకుండీని చూచి మురియకుడు. దాని పూలు సగము అక్కడనే తీరియుండును. పొట్టిగ, గుబురుగ, మొగ్గలతోనున్న మొక్కను ఏరి, ఆకుల అడుగుప్రక్క పేనుబంక లేదని చూచి, బేరమాడి తెచ్చుకొనుడు.